మూగజువ్వలు

ఎవరైనా నాకు చప్పట్లు కొడితే నేను తల దించుకుంటాను. పెద్దావిడకి ఎంత వినయమో అనుకుంటారు జనం. వినయమా, నా మొహమా! ఆ చప్పుడు వింటే చాలు, నాకు చెవులు వేడెక్కుతాయి, మెడ దానంతట అదే వంగిపోతుంది. పద్నాలుగేళ్ళ వయసులో పట్టుకున్న జబ్బు ఇది. డెబ్బై దాటినా వదల్లేదు. మొన్న చలికాలంలో బాపట్ల వెళ్ళినప్పుడు మళ్ళీ తిరగబెట్టింది.

మా నాన్న సైన్సు మాస్టారుగా పనిచేసిన హైస్కూలు వాళ్ళు వార్షికోత్సవానికి రమ్మన్నారు. పిల్లలకి సైన్సు కథలు రాస్తానని కాదు, మాస్టారి కూతుర్నని. ఉపన్యాసాలన్నీ అయ్యాక నన్ను మైదానంలోకి తీసుకెళ్ళారు. బడి డాబా మీద నుంచి ఎదుటి తాటిచెట్టుకి తీగ కట్టి ఉంది. దానికి థర్మాకోల్ విమానం ఒకటి వేలాడుతోంది. హెడ్మాస్టరు నా కొడుకు వయసువాడు, మంచి మనిషి. "ఇది మా బడి ఆనవాయితీ అండి మేడమ్. ‘మాస్టారి రాకెట్టు’ అంటాం. మీ నాన్నగారు మొదలెట్టిందే. ఏటా వదుల్తాం. ఈసారి మీ చేత్తో వెలిగించాలండి," అని నా చేతికి అగరువత్తి ఇచ్చాడు. వెలిగించాను. అది రివ్వుమని లేచి, తాటిచెట్టు మొవ్వ దాటి, ఢామ్మని పేలిపోయింది. తెల్లటి ముక్కలు రాలుతుంటే పిల్లలు ఎగిరెగిరి చప్పట్లు కొట్టారు. "మీ నాన్నగారు చూస్తే ఎంత సంతోషించేవారో కదండి!" అన్నాడు హెడ్మాస్టరు. నేను తల దించుకున్నాను. బతికున్నంత కాలం మా నాన్న ఏటా ఆ సాయంత్రం తలనొప్పి అని చెప్పి, ముసుగుతన్ని పడుకునేవాడని అతనికి ఎలా చెప్పను?

అప్పట్లో మేం బాపట్లలో స్టేషను దగ్గర రెండు గదుల అద్దె వాటాలో ఉండేవాళ్ళం. వంటింటి అలమరలో పై అరలో ఆవకాయ జాడీలు, కింది అరలో గాజు కుప్పెలు, గొట్టాలు, సీసాలు. బడికి సైన్సు గది లేదు. సామానంతా బడి వరండాలో పెడితే పిల్లలు పగలగొట్టేస్తున్నారని నాన్న ఇంటికి మోసుకొచ్చేశాడు. పాఠం ఉన్న రోజున సంచీలో సర్దుకుని, సైకిలు ఎక్కకుండా, పక్కన నడిపించుకుంటూ వెళ్ళేవాడు. "ధనియాల డబ్బా అనుకుని మూత తీశానండీ, ముక్కులో నిప్పు పోసినట్టయింది! ఈ వంటిల్లు నాదా, మీ బడిదా?" అని అమ్మ అరిచేది. నాన్న పళ్ళు బయటపెట్టి నవ్వేవాడు. "సైన్సు గది రానీ సుభద్రా, మొత్తం ఖాళీ చేసి నీ వంటిల్లు నీకు అప్పగిస్తాను," అనేవాడు. మా ఇంట్లో సైన్సు గది అనే మాట పండగలాగా, ఎప్పుడూ వచ్చేస్తూనే ఉండేది.

నాన్నకి ఒక పిచ్చి ఉండేది. రాకెట్టు విమానాలు. రాకెట్లు కాదు, విమానాలు కాదు, ఆ రెండూ కలిసినవి. అమ్మ పుట్టిల్లు రేపల్లె. బాపట్ల నుంచి రేపల్లె వెళ్ళాలంటే తెనాలిలో దిగి రైలు మారాలి. ఆ బండి కోసం గంటలు గంటలు పడిగాపులు పడేవాళ్ళం. అమ్మ పులిహోర డబ్బా విప్పేలోగా నాన్న మాయమైపోయేవాడు. స్టేషను బయట ఒక పాత కాగితాల కొట్టుండేది. అక్కడ పొట్లాలు కట్టడానికి తూకానికి అమ్మిన ఇంగ్లీషు పత్రికల్లోంచి విమానాల బొమ్మలున్నవి ఏరుకొచ్చేవాడు. ఏడాది పాతవో, రెండేళ్ళ పాతవో! ఆయనకి మాత్రం అన్నీ నిన్నటి వార్తలే. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, నా చేతిలో పులిహోర ముద్ద చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెప్పుకుపోయేవాడు.

"యుద్ధంలో జర్మనీవాళ్ళు మొదట రాకెట్టుతో విమానం ఎగరేశారమ్మా. అది లేచాక చక్రాలు కింద పారేసి, దిగేటప్పుడు పొట్ట మీద జారేది. చాలామంది దాంట్లోనే కాలిపోయారు. తరవాత అమెరికావాళ్ళు నారింజపండు రంగులో తుపాకీ గుండులాంటిది చేశారు, ఎక్స్ వన్. పెద్ద బాంబర్ విమానం పొట్ట కింద తగిలించుకుని పైకి తీసుకెళ్ళి వదిలితే, చప్పుడు కన్నా వేగంగా పోయింది. అంతకుముందు మనిషన్నవాడు పోలేదు. ఇప్పుడు ఎక్స్ ఫిఫ్టీన్. నల్లగా నిగనిగలాడుతుంది. తల్లి విమానం రెక్క కింద వేలాడుతూ వెళ్తుంది. జారుతుంది, మండుతుంది, ఆకాశం నల్లబడేదాకా పోతుంది." ఇక్కడ ఆగి, నా వైపు తిరిగి, ఎప్పుడూ ఒకటే ప్రశ్న వేసేవాడు. "ఎంతసేపు మండుతుందో చెప్పు?" నాకు తెలిసినా తెలియనట్టు ముఖం పెట్టేదాన్ని. "రెండు నిమిషాలు కూడా మండదే! ఆ తరవాత ఇంజనూ లేదు, గింజనూ లేదు. ఒట్టి ఇనపముక్క. దాన్ని గాల్లో తేల్చుకుంటూ, ఎండిన చెరువు నేల మీద మెల్లిగా దించాలి. మండటం ఎవడైనా మండుతాడు. దిగడమే విద్య."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన అరచెయ్యి గాల్లో అలా వాలుగా దిగి, బెంచీ మీద మెత్తగా ఆనేది. ఇప్పటికీ నాకు నాన్న అంటే ఆ అరచెయ్యే.

ఆ విమానంలో మండేది అమ్మోనియా అని చదివిన రోజు ఆయన ఆనందం పట్టలేకపోయాం. మర్నాడు తరగతిలో, పొలాల్లో చల్లే తెల్లటి ఎరువు చిటికెడు, తాంబూలం సున్నం చిటికెడు అరచేతిలో వేసుకుని నలిపి, ఒక్కో పిల్లవాడి ముక్కు దగ్గరా పెట్టాడట. కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ వెనక్కి దూకుతున్నవాళ్ళతో, "ఛీ అనకండ్రా! ప్రపంచంలో అన్నిటికన్నా వేగంగా పోయే విమానాన్ని తోసేది ఈ కంపే!" అన్నాడట. కర్లపాలెం నుంచి, పిట్టలవానిపాలెం నుంచి వచ్చే రైతుల పిల్లలు ఇంటికెళ్ళి ఎరువు బస్తాల్ని భక్తిగా చూశారని ఊళ్ళో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

ఇక మా తాతయ్య సంగతి. అమ్మ వాళ్ళ నాన్న. రేపల్లెలో వ్యవసాయం. ఏడాదంతా మాట తక్కువ మనిషి. దసరా వెళ్ళగానే మాత్రం ఇంటికి మరో గొంతు వచ్చేది. దీపావళి మందు ఇంట్లో చేసుకోవడం మా వైపు అందరికీ అలవాటే. కానీ తాతయ్య తారాజువ్వలంటే చుట్టుపక్కల వాళ్ళు కూడా వచ్చి వాకిట్లో నిలబడి చూసేవారు. కందికట్టె కాల్చిన బొగ్గు, సురేకారం, గంధకం. మూడూ విడివిడిగా నూరాలి. ఆడవాళ్ళు వంటపొయ్యి ఆర్పేదాకా మందు పెట్టె తెరిచేవాడు కాదు. గొట్టంలో మందు కూరేటప్పుడు ఇత్తడి కడ్డీతో మెల్లగా, ఒకటే లెక్కలో కొడుతుంటే వసారా అంతా గంధకం వాసన, ఆయన పొగాకు వాసన, చేటల్లో ఆరబోసిన బొగ్గుపొడి వాసన. గొట్టం తలలో ఆఖరున చిన్న టపాకాయ మందు పెట్టేవాడు. జువ్వ పైకి వెళ్ళి ఆరిపోయే క్షణాన అది ఢామ్మనాలి. అనకపోతే అది మూగజువ్వ. మూగజువ్వ ఇంటి మీద నుంచి లేస్తే ఆ ఇంటికి అంత కన్నా నామోషీ లేదు. "జువ్వ వదిలి చప్పుడు వినిపించకపోతే, చుట్టాన్ని పిలిచి విస్తరి వెయ్యకపోవడమే," అనేవాడు. ఆయన చేతి జువ్వ మూగబోగా ఎవరూ చూడలేదు.

నాకు పద్నాలుగేళ్ళొచ్చిన ఏడు బడి కమిటీకి కొత్త ప్రెసిడెంటుగారు వచ్చారు. పొలాలూ, మిల్లూ ఉన్న మనిషి. మాట పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. నాన్న ఆయన వెంటపడి సైన్సు గది అడిగాడు. "గది దేనికండి మాస్టారూ? సైన్సు అంటే పుస్తకంలోదే కదండి? కళ్ళకి కనపడేదేమన్నా చూపించండి. వార్షికోత్సవానికి పెద్దలొస్తారు. వాళ్ళ ముందు మీ విమానం ఎగిరిందనుకోండి, ఆ నెల్లోనే పునాది తవ్విస్తా," అన్నారట. నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. ఆకలి లేక కాదు, చేతులు ఖాళీ లేక. విస్తరాకు మీదే వేలితో రెక్కలు గీస్తూ కూర్చున్నాడు.

వెదురు బద్దలు, గాలిపటాల కాగితం, మైదా జిగురు. తల్లి విమానం బారెడు, పిల్ల విమానం మూరెడు. డాబా నుంచి తాటిచెట్టుకి కట్టిన తీగ మీద తల్లి జారుతూ వస్తుంటే, నాన్న నిచ్చెన మీద నుంచి దారం లాగితే పిల్ల ఊడుతుంది. దాని వెనక తాతయ్య తారాజువ్వ గొట్టం మండి, దాన్ని పైకి తోస్తుంది. మందు అయిపోయాక అది తేలుకుంటూ వచ్చి పొట్ట మీద దిగుతుంది. ఇదీ ఏర్పాటు. పుల్ల లేకుండా జువ్వ తిన్నగా పోవడం ఎంత కష్టమో నేను చెప్పలేను. మొదటిది బొంగరంలా తిరిగింది. రెండోది ముక్కు నేలకి పొడుచుకుంది. నాన్న ఆదివారాలన్నీ ఆ మైదానంలోనే. తాతయ్య రేపల్లె నుంచి గొట్టాలు పంపిస్తూనే ఉన్నాడు. తలలో టపాకాయ మందు వద్దని నాన్న ముందే చెప్పాడు. పంపినవన్నీ మూగవే. ఒక ఆదివారం ఎండ పడమటికి వాలాక, పిల్ల విమానం చక్కగా లేచి, మంట ఆరి, అలా అలా తేలుతూ వచ్చి, గడ్డి మీద పొట్ట ఆనించి జారి ఆగింది. నాన్న పంచె ఎగ్గట్టి మైదానం చుట్టూ పరుగెత్తాడు. పెద్దమనిషి, మాస్టారు! నేను నవ్వలేక చచ్చాను.

పైలట్టుని నేను కుట్టాను. పాత చీర గుడ్డతో వేలెడంత బొమ్మ. అమెరికా పైలట్లు వెండి రంగు బట్టలు వేసుకుంటారని పత్రికలో చూశాను కాబట్టి, సిగరెట్టు పెట్టెల్లో తళతళలాడే కాగితం పోగేసి తొడిగాను. పేరు చంటి. నాన్న వాణ్ణి విమానంలో కూర్చోబెట్టి దారంతో కట్టాడు. "చంటీ, నువ్వు దిగితే సైన్సు గది నాయనా," అన్నాడు. వేళాకోళానికే అన్నాడు గానీ గొంతు మాత్రం వేళాకోళంగా లేదు.

వార్షికోత్సవం రోజున తాతయ్య స్వయంగా వచ్చాడు. రేపల్లెలో పొద్దున్నే బండెక్కి, తెనాలిలో మారి, ఒళ్ళో పసిబిడ్డని పెట్టుకున్నట్టు కండువాలో చుట్టిన గొట్టాన్ని పెట్టుకుని కూర్చుని వచ్చాడు. ఎరుపు కాగితం అంటించి, బొట్టు పెట్టి ఉంది. "పరీక్షలకి పంపినవి వేరండి అల్లుడుగారూ. పెద్దల ముందు వదిలేది ఇది. నా చేత్తో కూరాను," అన్నాడు. నాన్న దాన్ని విమానానికి బిగించి, వేలి మీద నిలబెట్టి చూశాడు. ముక్కు కొంచెం ముందుకు వాలింది. ఒకసారి తాతయ్య వైపు చూశాడు. అడుగుదామా వద్దా అన్నట్టు పెదవి కదిలింది. కానీ అంత దూరం ఒళ్ళో పెట్టుకుని మోసుకొచ్చిన మామగారిని, దీంట్లో ఏం పెట్టారండీ అని అడిగే అల్లుడు మా వైపు పుట్టలేదు. వెనక తోకకి చిటికెడు మైనం అంటించి, బరువు సరిచేసుకుని ఊరుకున్నాడు.

మైదానం నిండిపోయింది. గోడల మీద కూడా జనమే. నాన్న మైకు పట్టుకుని తెనాలి ప్లాట్‌ఫారం మీద నాకు చెప్పిన కథంతా వాళ్ళకి చెప్పాడు. జర్మనీవాళ్ళు, నారింజ రంగు గుండు, నల్ల విమానం, తల్లి రెక్క. ఆఖరున, "అయ్యలారా, అమ్మలారా, ఒక్క మనవి. లేచినప్పుడు చప్పట్లు కొట్టకండి. లోపల మనిషున్నాడు. అతను కిందికి దిగాక కొట్టండి," అన్నాడు. జనం నిజంగానే నిశ్శబ్దం అయిపోయారు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. తల్లి విమానం తీగ మీద కదిలింది. నాన్న వత్తికి అగరువత్తి తగిలించి, దారం లాగాడు. పిల్ల ఊడి, ఒక్క క్షణం కిందికి జారి, రయ్యిమని అందుకుంది. ఎంత తిన్నగా వెళ్ళిందనుకున్నారు! అంత బాగా ఏ ఆదివారమూ వెళ్ళలేదు. మంట ఆరింది. ముక్కు మెల్లిగా కిందికి వంచింది. నాన్న అరచెయ్యి నిచ్చెన మీదే వాలుగా గాల్లో తేలింది. అప్పుడు ఢామ్మంది.

కాగితం ముక్కలు, వెదురు ఈనెలు, వాటి మధ్యలో మెరుస్తూ నా చంటిగాడి చొక్కా. మైదానం మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. ఈలలు, కేకలు. అతిథులు కుర్చీల్లోంచి లేచి మరీ కొట్టారు. దిగాక కొట్టండి అన్నాడు కదా, ముక్కలు దిగుతున్నాయి, కొట్టారు. ప్రెసిడెంటుగారు నిచ్చెన దగ్గరికి పరుగెత్తుకొచ్చి నాన్నని వాటేసుకున్నారు. "అబ్బబ్బ, అదరగొట్టారండి మాస్టారూ! ఆఖర్లో ఆ చప్పుడుందే, నా గుండె గుభేలుమంది!" అని, వేదిక మీదికి లాక్కెళ్ళి శాలువా కప్పారు. నాన్న ఆ శాలువాలో తల దించుకుని నిలబడ్డాడు. నేను కూడా దించేశాను. ఎందుకో అప్పుడు నాకు సరిగా తెలియదు. అంతమంది మెచ్చుకుంటుంటే మా నాన్న దొంగలాగా నిలబడ్డాడు, అది మాత్రం చూడలేకపోయాను. సిగ్గంటే తిడితే వస్తుందనుకునేదాన్ని. పొగిడితే వచ్చే సిగ్గు ఇంకా లోతుకి దిగుతుందని ఆ సాయంత్రం తెలిసింది.

తాతయ్య ముఖం మతాబులా వెలిగిపోతోంది. "ఎలా ఉందండి అల్లుడుగారూ? మీరు వద్దన్నారు గానీ, అంతమంది పెద్దల ముందు మీ విమానం మూగగా పోతే నాకు తలవంపులు కాదూ? మీకు చెప్పకుండా చిన్నది పెట్టా," అన్నాడు. నాన్న ఆయన వైపు చూసి, "బాగా పేలిందండి మామయ్యగారూ," అన్నాడు.

సైన్సు గది గురించి అడగడానికి వెళ్తే ప్రెసిడెంటుగారు నవ్వారట. "గది దేనికండీ, ఆరుబయటే ఇంత బ్రహ్మాండంగా చేస్తుంటే! ఏటా ఇలాగే పేల్చండి. మందు ఖర్చు నేనిస్తా." అంతే. గాజు సీసాలు మా వంటింటి అలమరలోనే ఉండిపోయాయి. అమ్మ మళ్ళీ ఎప్పుడూ వాటి గురించి గొణగలేదు. చాలారోజులు నాన్నకి అన్నం వడ్డించేటప్పుడు ఆయన ముఖంలోకి చూసేది కాదు. ఒకరోజు గరిటె పట్టుకునే ఏడ్చేసింది. "మా నాన్న మీ పరువు తీశాడండీ," అంది. "పరువేం పోయింది, ఊరంతా మెచ్చుకుంటుంటే!" అని నవ్వాడు నాన్న. ఆ నవ్వు నాకు నచ్చలేదు. తరవాత గొంతు తగ్గించి, "ఈ సంగతి ఆయనకి ఎప్పుడూ తెలియకూడదు సుభద్రా. ఆయన ప్రేమతో పెట్టాడు," అన్నాడు. బజారులో మాత్రం నాన్న ‘జువ్వల మాస్టారు’ అయిపోయాడు. నన్ను చూసి పిల్లలు ‘ఢామ్’ అనేవారు. ముద్దుగానే అనేవారు. నేను సందులు మారి వెళ్ళేదాన్ని. మరుసటి ఏడు ఎవరో డ్రిల్లు మాస్టారు విమానం పేల్చే పని నెత్తినేసుకున్నాడు. నాన్నకి తలనొప్పి అప్పుడు మొదలైంది.

ఆ తరవాత ఒక దీపావళికి రేపల్లె వెళ్తూ మామూలుగానే తెనాలిలో ఆగాం. అమ్మ పులిహోర విప్పింది. నాన్న పాత పత్రిక ఒకటి పట్టుకొచ్చి కూర్చున్నాడు. ఎంతసేపటికీ కథ మొదలెట్టడే! తొంగిచూస్తే ఆ నల్ల విమానం బొమ్మే ఉంది. అలాంటివి చేసిన మూడింటిలో ఒకటి, ఆకాశం అంచు దాకా పోయి దిగుతూ గాల్లోనే ముక్కలైపోయిందట. లోపలి మనిషి చనిపోయాడు. భార్యా పిల్లలున్న మనిషి. నాన్న పత్రిక మడిచి, తిరిగి తెరిచి, మళ్ళీ మడిచాడు. "మనవాళ్ళు చప్పట్లు కొట్టింది దీనికేనమ్మా," అన్నాడు. రేపల్లె బండి వచ్చింది, ఎక్కాం. ఆ పత్రిక ఆయన బెంచీ మీదే వదిలేశాడు. ఆ సాయంత్రం తాతయ్య వాకిట్లోకి వచ్చినవాళ్ళందరికీ నాన్నని చూపించి, "బాపట్లలో విమానం పేల్చింది ఈయనేనండి, మా అల్లుడుగారు. మందు నాది," అని చెబుతుంటే, నాన్న చేతులు కట్టుకుని, అవునండి అవునండి అంటూ నిలబడ్డాడు. నాకు తాతయ్య మీద కోపం రావాలి కదా. రాలేదు. భూమి చీలిపోతే బాగుండుననిపించింది, అంతే.

మరుసటి వేసవి వెళ్ళాక తాతయ్యకి శుక్లాల ఆపరేషను చేయించి మా ఇంట్లో ఉంచుకున్నాం. రెండు కళ్ళకీ కట్లు. కదలకూడదు, వంగకూడదు, గట్టిగా దగ్గకూడదు. ఆయనకి దిక్కల్లా రేడియోనే. చంద్రుడి మీదికి మనుషులు వెళ్ళిన రోజులవి. మంచం పక్కన స్టూలు మీద రేడియో పెట్టుకుని, చెవి దానికే అప్పగించి పడుకునేవాడు. వాళ్ళు చంద్రుడి మీద నడిచారంటే ఊరంతా అబ్బో అంది. కానీ నాన్న నిద్రపోలేదు. "ఇంకా దిగలేదు," అంటూ వరండాలో తిరిగాడు. ఒకరోజు పొద్దున వార్తల్లో, ముగ్గురూ క్షేమంగా సముద్రంలో దిగారని చెప్పారు. నాన్న గోడకి ఆనుకుని కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆనందానికి వెక్కుతున్నాడు. ఆ చప్పుడు తాతయ్యకి వినపడింది.

"అల్లుడుగారూ, ఏడుస్తున్నారేంటండి? చంద్రుడి మీదికి వెళ్ళిన రోజు కూడా మీరింత ఇదవలేదు."

"దిగారు కదండి మామయ్యగారూ," అన్నాడు నాన్న, ముక్కు తుడుచుకుంటూ.

అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. తాతయ్య చెయ్యి మంచం పట్టె మీద తడుముకుంది. "అయితే ఆ రోజు మన విమానం... అది కూడా దిగాల్సిందాండి?"

ఆ తలనొప్పి తప్ప మా నాన్న జీవితంలో అబద్ధం ఆడగా నేను వినలేదు. పరీక్ష పేపరులో అరమార్కు కలపమంటే కలపని మనిషి. అమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "లేదండి. అది పేలాల్సిందే. అందుకే కదా అంత మెచ్చుకున్నారు," అన్నాడు. కట్లున్న కళ్ళకి ఆయన ముఖం కనపడదు. కానీ మందు కూరేటప్పుడు దెబ్బ చప్పుడుని బట్టి గొట్టంలో ఎంత ఖాళీ ఉందో చెప్పే చెవులు అవి. తాతయ్య ఊ అన్నాడు. గోడవైపు తిరిగి, కాసేపయ్యాక నన్ను పిలిచాడు. "అమ్మడూ, దాంట్లో ఒక బొమ్మని కూచోబెట్టావు కదూ. పేరేంటమ్మా?" చంటి అన్నాను. "చంటి," అన్నాడు తాతయ్య. ఆ పూట కాఫీ తాగలేదు.

ఈమధ్య నా మనవరాలు ఫోనులో ఒకటి చూపించింది. ఆకాశంలోకి పోయిన రాకెట్టు వెనక్కి వచ్చి, కొలిచి నిలబెట్టినట్టు నిటారుగా నేల మీద దిగింది. దాన్ని చేసినవాళ్ళు వందలమంది ఒకచోట చేరి, అది దిగినందుకు, దిగినందుకే, గంతులేసి అరుస్తున్నారు. నేను ఆ ముక్క ఎన్నిసార్లు వేయించుకుని చూశానో! నానమ్మకి పిచ్చి పట్టిందని అది వాళ్ళమ్మకి చెప్పింది. ఇప్పుడు దీపావళి మందు ఎవరింట్లోనూ నూరరు. రంగు పెట్టెల్లో కొనుక్కొస్తారు. నూరనక్కర్లేదు కూడా, చేతులు కాలేవి, ఇళ్ళు కాలేవి. ఆ బడికి ఇప్పుడు మూడు సైన్సు గదులున్నాయి, తాళాలు వేసి ఉన్నాయి. నాన్న చేసిన పాఠంలో వాళ్ళకి మిగిలింది ఆఖరి ఢామ్ ఒక్కటే. నాన్న పేరు మీద ఏటా ఒక విమానాన్ని చంపుతున్నారు. ఈసారి దానికి వత్తి ముట్టించిన చెయ్యి నాది. ఇంటికొచ్చాక హెడ్మాస్టరుకి ఫోను చేసి అంతా చెప్పాను. పాపం, శ్రద్ధగా విన్నాడు. "నిజమేనండి మేడమ్. కానీ పేలకపోతే పిల్లలు డీలా పడిపోతారండి," అన్నాడు. అతన్ని ఏమనను? డీలా పడిపోతారు. ఒక దీపావళికి రేపల్లెలో పడిపోయారు కూడా, నేను చూశాను.

అది తాతయ్య కళ్ళకి కట్లు విప్పిన ఏడు. మందపాటి అద్దాలు పెట్టుకుని, ఎప్పటిలాగే వసారాలో కూర్చుని కూరాడు. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. పండగ సాయంత్రం వాకిలి నిండా జనం. మొదటి జువ్వ వదిలాడు. నిప్పులు చిమ్ముకుంటూ చింతచెట్టు దాటి వెళ్ళింది. ఆరిపోయింది. అందరూ చెవులు మూసుకుని నిలబడ్డారు. ఏమీ లేదు. రెండోది వదిలాడు. అదీ అంతే. మూడోది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. పక్కింటాయన గట్టిగానే అడిగాడు.

"ఏంటి బాబాయ్, మందు తడిసిందా?"

"తడిసిందిరా. చెయ్యి తప్పింది, ముసలాణ్ణయిపోయాను," అన్నాడు తాతయ్య. పక్కన గంపనిండా ఇంకా ఉన్నాయి. అన్నీ మూగవేనని అప్పుడు అర్థమైంది నాకు. ఎవరో కిసుక్కుమన్నారు. కొందరు పిల్లల్ని తీసుకుని వేరే వాకిట్లోకి వెళ్ళిపోయారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తాతయ్య ఎవరి వైపూ చూడకుండా నాలుగోది వదిలాడు. అది లేచింది, మండింది, ఆరింది. చీకట్లో ఎక్కడుందో తెలియలేదు. తరవాత దాని వెదురుపుల్ల గాల్లో తేలుకుంటూ వచ్చి, పెరట్లో గడ్డివాము పక్కన టప్పున పడింది.

అప్పుడు నాన్న చప్పట్లు కొట్టాడు. ఒక్కడే. అంత పెద్ద వాకిట్లో, అందరూ తిరిగి చూస్తుండగా, గట్టిగా.

"ఊరుకోండి అల్లుడుగారూ, నలుగురూ నవ్వుతారు," అన్నాడు తాతయ్య, తల ఎత్తకుండా.

"దిగింది కదండి మామయ్యగారూ," అన్నాడు నాన్న, చప్పట్లు ఆపకుండానే.